మన ఊరి కార్ల షోరూం, మన తెలుగు బడి

దసరా నుంచి దీపావళి దాకా జిల్లా పేజీలు తిరగేస్తే కార్ల షోరూంల వార్తలు రెండు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది డెలివరీల వార్త. బానెట్ మీద పూలదండ, టైరు కింద నిమ్మకాయ, తాళం చెవి అందుకుంటున్న కుటుంబం. రెండోది దానం వార్త. ఫలానా షోరూం యాజమాన్యం ఫలానా బడిలో స్కూలు బ్యాగులు పంచింది. ఈ ఫొటోలో బ్యానరు ముందుంటుంది, పిల్లలు దాని వెనక నుంచి తొంగి చూస్తుంటారు. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్, ఏ ఊరి పేజీ తీసినా తేడా ఏమీ ఉండదు.

బ్యాగులు పంచడాన్ని మేం తప్పు పట్టడం లేదు. తీసుకున్న పిల్లకు అది అవసరమే. కానీ బ్యాగులు ఎవరైనా ఇవ్వగలరు, బట్టల కొట్టు వాళ్లూ ఇస్తారు, ఎన్నికల ముందు నాయకులూ ఇస్తారు. కార్ల డీలరు దగ్గర వేరేవాళ్ల దగ్గర లేనిది ఒకటుంది. బండి గురించి క్షుణ్నంగా తెలిసిన మనుషులు, ఆ బండిని పైకెత్తి అడుగుభాగం చూడగలిగే వర్క్‌షాప్. మన బడులకు ఇప్పుడు కావలసింది అదే అని మా అభిప్రాయం. మనం అడగడం లేదు కాబట్టి వాళ్లు బ్యాగులతో సరిపెడుతున్నారు.

దూరమే అసలు శత్రువు

ఈ పేజీ చదివే తల్లిదండ్రులకు దూరం సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం అయిదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. ఉంటుంది కూడా. కాకపోతే అది రాష్ట్ర భాష బడి. తెలుగు బడి ఊరంతటికీ ఒకటో రెండో. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో చెప్పింది. ఆ బడి దాకా పిల్ల ఎలా చేరాలో మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఇంగ్లీషు మీడియం బడి పసుపు బస్సు వీధి చివరికే వస్తుంది. అమ్మా నాన్నా ఇద్దరూ ఫ్యాక్టరీ షిఫ్టుకో మగ్గం పనికో పోయే ఇంట్లో చివరికి బస్సున్న బడే గెలుస్తుంది. దానికి తెలుగు మీద ప్రేమ లేకపోవడం కారణం కాదు, పొద్దున్న ఏడున్నరకు పిల్లను దింపి వచ్చేవాళ్లు లేకపోవడం కారణం. అయినా తెలుగు బడికే పంపాలనుకున్న నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఒక ఆటోనో పాత వ్యానునో నెలకింత అని మాట్లాడుకుంటారు. ముగ్గురు కూర్చునే చోట ఎనిమిది మంది. బ్యాగులు బయట కొక్కేలకు వేలాడుతుంటాయి.

2012 జులైలో చెన్నై శివారులో బడి బస్సు నేలలో పడిన రంధ్రంలోంచి జారి రెండో తరగతి పాప చనిపోయింది.  ఆ తరవాతే తమిళనాడు బడి బస్సుల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఇప్పుడు బడులు తెరిచే ముందు రవాణా అధికారులు బస్సులన్నిటినీ ఒక మైదానానికి రప్పించి నేల, బ్రేకులు, అత్యవసర ద్వారం చూస్తున్నారు. అంతకు చాలా ముందే, 1997లో, సుప్రీంకోర్టు బడి బస్సుల వేగాన్ని గంటకు 40 కిలోమీటర్లకు కట్టడి చేసింది. డ్రైవరుకు కనీసం అయిదేళ్ల అనుభవం ఉండాలంది. ఇవన్నీ బడి పేరున నడిచే బస్సులకు. తల్లిదండ్రులు సొంతంగా మాట్లాడుకున్న ఆటో, వ్యాను చాలావరకు ఆ మైదానానికి రావు. మన పిల్లలు ఎక్కేది ఎక్కువగా వాటినే.

ఒక్క ఆదివారం చాలు

అందుకే మేం సూచించేది ఇది. బడి తెరిచే ముందు, మే చివర్లో, ఒక ఆదివారం మన ఊరి డీలరు వర్క్‌షాప్‌ను పూట సేపు అడుగుదాం. మన బడి పిల్లలు ఎక్కే బళ్లను అక్కడికి తీసుకెళదాం. నలుగురు మెకానిక్‌లు ఉంటే సగం రోజులో పది పన్నెండు బళ్లు చూసేయవచ్చు. బ్రేకు, స్టీరింగు, లైట్లు, వైపరు, తలుపు గొళ్లెం, నేల, గ్యాస్ కిట్ ఉంటే దాని పైపులు చూడాలి. టైరు గాడిలో అక్కడక్కడ చిన్న దిమ్మెల్లాంటివి ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానంగా వచ్చిందంటే మార్చాలని అర్థం. వ్యాన్లకు ఆ గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇది తల్లిదండ్రులూ ఇంటి ముందు నిలబడి చూసుకోవచ్చు. ఆటోలకైతే ఆటోల డీలరునే అడగాలి. కార్ల మెకానిక్‌కు అన్నీ తెలుస్తాయనుకోకూడదు.

చూసిన ప్రతి బండికీ ఒక కాగితం రాయించాలి. ఏది బాగుంది, ఏది మార్చాలి, ఎప్పటిలోగా మార్చాలి. దాని నకలు బడిలో ఉండాలి. డీలరుకు దీనికయ్యే ఖర్చు పూట కూలి, కొంచెం గ్రీజు, టీ, టిఫిను. రెండొందల బ్యాగుల కంటే తక్కువే. ఫొటో కావాలంటే లిఫ్టు మీదున్న బండి ఫొటో వేసుకోవచ్చు, ఆ వార్త మేమూ వేస్తాం.

ఇక్కడ జాగ్రత్తగా నడుచుకోవలసిన విషయం ఒకటుంది. ఆటో నడిపే అన్న మన వీధివాడే. తనిఖీ అనగానే ఆర్టీవో, జరిమానా గుర్తొచ్చి ఆ రోజు ఫోను ఎత్తడు. ముందే ఇంటికి వెళ్లి చెప్పాలి, అన్నా, ఇది చలానాల వ్యవహారం కాదు, నీ బండికి ఉచితంగా చెకప్ అని. బ్రేకు ప్యాడ్లో టైరో మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ఒక్కడి మీదే పడకుండా తల్లిదండ్రులు కొంత, డీలరు విడిభాగాల మీద తగ్గింపు కొంత భరిస్తే అతనే మరుసటి ఏడు ముందుగా వస్తాడు.

ఏకంగా ఒక వ్యానే ఇప్పించమని అడగవచ్చు కదా అని కొందరు అంటారు. అడగవచ్చు. అయితే బండి రావడం ఒక రోజు పని, నడపడం ఏళ్ల పని. డ్రైవరు జీతం, డీజిలు, బీమా, పర్మిట్ ఎవరు కడతారు? రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తరవాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకోని బడికి దానంగా వచ్చిన వ్యాను చెట్టు కింద తుప్పు పడుతుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారినప్పుడు బస్సుల మీదా చిన్న కార్ల మీదా పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. అదే రోజున నోటు పుస్తకాల మీద పన్ను పూర్తిగా పోయింది. కొనే ఖర్చు తగ్గినా నడిపే ఖర్చు ఉండనే ఉంటుంది.

డబ్బు అడిగేటప్పుడు

సీఎస్ఆర్ అనే మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. పెద్ద షోరూం కనబడితే చాలు, వాళ్లకు సీఎస్ఆర్ డబ్బు ఉంటుంది, అడగండి అంటున్నారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను చూస్తే అంత తేలిక కాదని తెలుస్తుంది. అంతకు ముందు ఏడాది నికర లాభం 5 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర ఆస్తి 500 కోట్లు ఉన్న కంపెనీలకే ఆ బాధ్యత. మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. అంటే సగటు లాభం 5 కోట్లున్న డీలరు ఏడాదికి 10 లక్షలు. కొత్త కారు అమ్మకం మీద డీలరుకు మిగిలేది మనం అనుకునేదానికన్నా తక్కువ. సర్వీసు, విడిభాగాలు, బీమా కలిస్తేనే వ్యాపారం నిలబడుతుంది. కాబట్టి 5 కోట్ల లాభం అంటే చాలా ఊళ్లలో షోరూంలున్న సంస్థే అయ్యుండాలి. భాగస్వామ్య సంస్థగానో సొంత వ్యాపారంగానో నడిచే డీలరుకు ఈ సెక్షను వర్తించదు. ఆయన ఇస్తే అది మనసుతో ఇచ్చినట్టే.

పెద్ద కంపెనీ అయితే మనకు పనికొచ్చే మాట ఒకటి ఆ సెక్షనులోనే ఉంది. తాము వ్యాపారం చేసే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని. చట్టం ఏడో షెడ్యూలులో విద్య ఉంది. డబ్బు తీసుకుని పని చేసే ట్రస్టు గానీ సొసైటీ గానీ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. మన బడులు నడిపే సంఘాల్లో ఇది చేయించుకోనివి ఉంటే ఆడిటరును ఈ నెలలోనే కలవడం మంచిది.

చిన్న డీలరుతో మాట్లాడేటప్పుడు 80జి ఉపయోగపడుతుంది. ఆ గుర్తింపు ఉన్న ట్రస్టుకు ఇచ్చిన విరాళం మీద పన్ను మినహాయింపు దొరుకుతుంది. నగదుగా అయితే 2,000 రూపాయలు దాటితే దొరకదు, చెక్కు గానీ ఆన్‌లైను గానీ కావాలి. సొంత పేరున పన్ను కట్టే యజమాని కొత్త పన్ను విధానంలో ఉంటే ఈ మినహాయింపు రాదు, భాగస్వామ్య సంస్థకు వస్తుంది. ఇది తెలిసి వెళ్లిన హెచ్ఎం మాటకు ఉండే బరువు వేరు.

ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు కేంద్రం విద్యాంజలి పోర్టల్ ఉంది. యూడైస్ నంబరుతో బడి తన అవసరాలు అందులో పెట్టవచ్చు, ఇవ్వదలచినవాళ్లు చూసి ముందుకు రావచ్చు. తమిళనాడు ప్రభుత్వ బడులకు 2022 చివర్లో మొదలైన నమ్మ స్కూల్ నమ్మ ఊరు పళ్లి పథకం కూడా ఉంది. పెట్టేటప్పుడు "సౌకర్యాలు" అని రాసి ఊరుకుంటే ఎవరికీ అర్థం కాదు. తెలుగు కథల పుస్తకాలు ఎన్ని, ఏ తరగతికి అని రాయాలి.

జనవరి ఉపన్యాసం తెలుగులో

జనవరిలో రోడ్డు భద్రతా మాసం. డీలర్లు ఎలాగూ ఏదో ఒక కార్యక్రమం చేస్తారు. పెద్ద బళ్లో స్లైడ్లు, సర్టిఫికెట్లు. మన బడికి కూడా రమ్మని, తెలుగులో చెప్పమని అడగాలి. తెలుగు వచ్చిన సర్వీస్ అడ్వైజర్ లేకుండా ఈ ఊళ్లలో కార్ల వ్యాపారం నడవదు, కాబట్టి మనిషి దొరకకపోవడమంటూ ఉండదు. పదో తరగతి కుర్రాడు నాన్న బండి తీసుకుని ట్యూషనుకు పోవడం గురించి ఆయన చెబితే వింటారు. 2019 సవరణ తరవాత మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఆ బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు బండి మీద హెల్మెట్ తప్పనిసరి. ఈ రెండో సంగతి పిల్లల కంటే పెద్దలకే చెప్పాలి, కాబట్టి తల్లిదండ్రుల సమావేశం రోజే పెట్టుకోవాలి.

వచ్చినవాళ్లు వ్యాసరచన పోటీ అని పెట్టి ఫారంలో తల్లిదండ్రుల ఫోను నంబరు, ఇంట్లో ఏ బండి ఉంది అని రాయిస్తే మాత్రం హెచ్ఎం ఆ గళ్లు కొట్టేయాలి. లేకపోతే మరుసటి వారం నుంచి ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఫోన్లు మొదలవుతాయి. 2023 డేటా రక్షణ చట్టం పిల్లల వివరాల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. ఫొటోలకూ అంతే, ముందు అడగాలి.

తెలుగు బడిలో చదివితే ఉద్యోగం ఎక్కడ అనే ప్రశ్నకు కూడా కొంత జవాబు ఈ షోరూంలోనే ఉంది. ముప్పై మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. వర్క్‌షాప్ ఉన్న పెద్ద డీలర్లు చాలామంది ఆ లెక్కలోకి వస్తారు. పది చదివి ఐటీఐలో మోటారు మెకానిక్ చేసిన మన పిల్లవాడు రాష్ట్ర భాష మాట్లాడతాడు, తెలుగూ మాట్లాడతాడు. సరిహద్దు ఊళ్లో సర్వీసు కౌంటరు దగ్గర అది అదనపు అర్హతే. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని, ఆడపిల్లల్ని కూడా, ఏడాదికోసారి వర్క్‌షాప్ చూడటానికి తీసుకెళ్లమని డీలరును అడగండి. బస్సు వాళ్లే పంపుతారు.

ఎవరిని కలవాలి? షోరూంలోనూ ఒక ప్రిన్సిపల్ ఉంటారు. యజమానిని ఆ వ్యాపారంలో డీలర్ ప్రిన్సిపల్ అంటారు. సేల్స్ మేనేజరుకు ఇచ్చిన అర్జీ డ్రాయరులో ఉండిపోతుంది. ఒక్క పేజీ చాలు, రాష్ట్ర భాషలో ఒకటి, యజమాని తెలుగువారైతే తెలుగులో ఇంకొకటి. హెచ్ఎం ఒక్కరే కాకుండా ఇద్దరు తల్లిదండ్రులు కూడా వెళ్లాలి. వాళ్లలో ఒకరు ఆ షోరూంలో బండి కొన్నవారైతే ఇంకా మంచిది.

వేళ కూడా చూసుకోవాలి. మార్చిలో వాళ్లకు లెక్కల ముగింపు, దసరా దీపావళికి ఊపిరాడదు. కొత్త బండి కొనడానికి మనవాళ్లు వెనకాడే ఆషాఢంలో, తమిళులు ఆగే ఆడి మాసంలో, మహాలయ పక్షంలో, ధనుర్మాసంలో షోరూం ఖాళీగా ఉంటుంది. ధనుర్మాసంలో వెళితే జనవరి కార్యక్రమం మాట్లాడుకోవచ్చు. మే చివర బళ్ల తనిఖీ కుదరకపోతే ఆషాఢంలోనైనా చేయించవచ్చు. బడి తెరిచి రెండు మూడు వారాలై ఉంటుంది, వానలు మొదలవుతాయి, వైపరు పనిచేస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది.