మోటుపల్లికి ఓడలు ఎందుకొచ్చేవి?

నీ గాలిపటం తెగి పక్కింటి డాబా మీద పడిందనుకో. "మా డాబా మీద పడింది కాబట్టి మాదే" అంటే ఒళ్లు మండదూ? అప్పట్లో తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల గతీ అంతే. ఏ రాజు తీరాన పడితే సరుకంతా ఆ రాజుదే! మరి వర్తకులు ఎందుకొస్తారు?

అందుకే కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం చెక్కించాడు. సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని మాటిచ్చాడు. ఆ సుంకం 30వ వంతే. చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, మిరియాలు... సరుకుల పేర్లన్నీ రాతి మీదే ఉన్నాయి. యుద్ధం గెలవడం కన్నా ఇదే తెలివైన పని అంటాన్నేను.

1323లో కాకతీయ రాజ్యం కూలింది. కాపాడేవాళ్లు లేకపోతే వర్తకులకు మళ్లీ భయమే కదా! అందుకే 1358లో కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి కొత్తగా రాయితీలు ప్రకటించాడు. తర్వాతి కాలంలో మచిలీపట్నం రేవు పైకొచ్చింది. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఓ చిన్న పల్లెటూరు.