మియా బీబీ ఒక్కటే, పాలసీలో మాత్రం ఇద్దరు

జుమా నమాజు ముగిశాక మసీదు మెట్ల దగ్గర నన్ను ఆపి కాగితాలు చూపించేవారు ప్రతి వారం ఇద్దరు ముగ్గురుంటారు. ఉర్దూ, తెలుగు రెండూ చదవగలిగిన బడిపంతులుకు ఊళ్లో ఇది జీతం లేని నౌకరీ. బ్యాంకు నోటీసులు, గల్ఫ్ నుంచి వచ్చిన అగ్రిమెంట్లు, కరెంటు బిల్లులు. ఈమధ్య బోధన్‌కు చెందిన ఒక మిత్రుడు తెచ్చింది మాత్రం బీమా కంపెనీ ఉత్తరం.

ఆయన భార్య ప్రభుత్వ పాఠశాలలో టీచరు. ఆమె జీతం మీద లోను తీసి కారు కొన్నారు. ఆర్సీలో పేరు ఆమెదే. షోరూమ్‌లో చేయించిన బీమా సరిగ్గానే ఉండింది. గడువు దగ్గర పడ్డాక ఈయన ఒక ఏజెంటుకు ఫోను చేశాడు. ఏజెంటు ఆధార్ పంపమన్నాడు, ఈయన తన ఆధార్ పంపాడు. పాలసీ ఈయన పేరున వచ్చింది. ఇద్దరిలో ఎవరూ చదవలేదు. ఒకనాటి రాత్రి ఎడపల్లి దాటాక, వెనుక లైటు లేని చెరకు ట్రాలీకి తగిలి కారు ముందు భాగం నుజ్జయింది. అల్లాహ్ దయవల్ల ప్రాణాలు దక్కాయి. క్లెయిమ్ పెడితే వచ్చిన జవాబు ఇదే: కారు యజమాని ఒకరు, పాలసీదారు మరొకరు, కాబట్టి చెల్లించలేము.

"మియా బీబీ ఇద్దరూ ఒక్కటే కదా మౌల్వీసాబ్, ఇదేం ఇన్సాఫ్?" అన్నాడాయన.

ఇంట్లో ఒక్కటే, నిజమే. కానీ ఆస్తి విషయంలో మియా బీబీ ఇద్దరని మన షరీఅత్ ఎప్పుడో చెప్పింది. మెహర్ ఆమెది, పుట్టింటి సొమ్ము ఆమెది, సంపాదన ఆమెది. ఇంగ్లాండులో వివాహిత స్త్రీకి సొంత ఆస్తి మీద పూర్తి హక్కు ఇచ్చిన చట్టం 1882లో గాని రాలేదు. ఏజెంటును తిట్టే ముందు మనం ఆలోచించవలసింది ఇది: బీబీ కారును తన కారు అనుకొని సంతకం చేసిన మియా తప్పు ఇందులో ఎంత? ఈ మాట అన్నందుకు మిత్రుడు కాసేపు అలిగాడు.

మరో ఇబ్బంది ఉంది. మన ఇళ్లలో హిబా నోటిమాటతోనే జరుగుతుంది. ఇచ్చానని ఒకరు, తీసుకున్నానని మరొకరు, ఆపైన వస్తువు స్వాధీనం; ఇంతే చాలు. మోటారు వాహనాల చట్టం మాత్రం ఆర్సీలో పేరున్నవారినే యజమానిగా చూస్తుంది. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది: కారు చేతులు మారినా ఆర్సీ మారకపోతే పరిహారం బాధ్యత ఆర్సీలో ఉన్నవారిదే. భార్యకు కారు బహుమతిగా ఇచ్చిన భర్త ఫారం 29, 30 పెట్టి ఆర్టీఏ ఆఫీసులో పేరు మార్పించాలి. తర్వాత 14 రోజుల్లో ఆ సంగతి బీమా కంపెనీకి రాయాలి. ఈ రెండో పని మరచిపోయేవారే ఎక్కువ. చట్టంలోని 157వ సెక్షన్ ప్రకారం యాజమాన్యంతో పాటు పాలసీ కూడా బదిలీ అయినట్టేనని కొందరు ఏజెంట్లు ధైర్యం చెబుతారు. అది సగం నిజం. మన కారు తగిలి ఎదుటివారికి జరిగిన నష్టం వరకే ఆ సెక్షన్ పనిచేస్తుందని, సొంత కారు రిపేరుకు కంపెనీ ఒప్పుకోలు ఉండాలని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

నో క్లెయిమ్ బోనస్ సంగతీ అంతే. అది కారుది కాదు, మనిషిది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపిన భర్తకు 50 శాతం తగ్గింపు వస్తుంది. కొత్త కారు భార్య పేరిట కొని, ఆ తగ్గింపును ఆమె పాలసీలో రాయించుకుంటే అది తప్పుడు వాఙ్మూలం. క్లెయిమ్ రోజున బయటపడుతుంది. బతికి ఉండగా ఒకరి బోనస్ మరొకరికి పోదు.

ఇక డ్రైవింగ్ లైసెన్సు. యజమాని తానే నడుపుతూ చనిపోతే కుటుంబానికి అందే 15 లక్షల ప్రమాద కవర్ 2018 నుంచి ఉంది. లైసెన్సు లేని యజమానికి ఆ కవర్ ఇవ్వరు. నిజామాబాద్‌లో భార్య పేరిట కారు కొని తాము నడిపేవారు ఎందరో. వారు విడిగా తమ పేరిట ప్రమాద బీమా తీసుకోవాలి. కర్ణాటకలో ఒకాయన అడిగి తెచ్చుకున్న మోటారు సైకిల్ మీద వెళ్తూ ఎద్దులబండికి తగిలి చనిపోయాడు. అడిగి తెచ్చుకున్నవాడు యజమాని స్థానంలో నిలబడినట్టేనని, 163-ఏ సెక్షన్ కింద అతని కుటుంబం పరిహారం అడగలేదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది.

పేర్ల గొడవ మనవాళ్లకు ప్రత్యేకం. ఉర్దూలో ఒకే తీరుగా రాసే పేరు ఇంగ్లీషులోకి పోయేసరికి ఎండీ, మొహద్, మొహమ్మద్, ముహమ్మద్ అని నాలుగు వేషాలు వేస్తుంది. నికాహ్‌నామాలో బేగం, ఆధార్‌లో బీ, ఆర్సీలో రెండూ లేవు. పాలసీ చేతికి రాగానే ఆర్సీ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. తప్పుంటే ఆ వారంలోనే రాసిచ్చి ఎండార్స్‌మెంట్ తీసుకోండి. ప్రమాదం తర్వాత దిద్దుతామంటే ఎవరూ వినరు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది భర్త మరణించిన ఇల్లు. కారు మరహూమ్ పేరిట ఉంటే 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టాలి. పాలసీ కూడా మరణం తర్వాత మూడు నెలలు, లేదా దాని గడువు తీరేవరకు, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. అంటే ఆమె పరదాలో కూర్చున్న రోజుల్లోనే ఈ గడువులన్నీ దాటిపోతాయి. ఇద్దత్ ముగిశాక కాగితాలు తీస్తే పాలసీ లేదు. ఈలోగా మరిదో కొడుకో అదే కారు నడిపి ఎవరికైనా తగిలిస్తే ఆ బరువంతా ఇంటి మీదే. తప్పనిసరి పనికి పగటిపూట వెళ్లి రాత్రికి ఇల్లు చేరుకోవడానికి హనఫీ ఫిఖ్‌హ్‌లో వీలుంది. అయినా ఆమెను తిప్పడమెందుకు? ఇంటి మగవాళ్లు మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం తెచ్చి పని నడిపించవచ్చు. కారు వారసులందరిదీ, పిల్లలుంటే ఆమె వాటా ఎనిమిదో వంతు. మిగతా వారు ఆమెకు వదులుకుంటే సంతకాలు అప్పుడే తీసుకోవాలి. బోనస్ మాత్రం ఈ ఒక్క సందర్భంలో చనిపోయినవారి నుంచి భార్యకో, పిల్లలకో, తల్లిదండ్రులకో పోతుంది. అడగకపోతే కంపెనీ తానుగా చెప్పదు.

మా మిత్రుడి వ్యవహారానికి వస్తే, మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాము. ఏజెంటుకు ఆర్సీ కాపీ కూడా పంపినట్టు ఫోనులో సాక్ష్యం ఉంది, అదే మా బలం. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాసుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నిజామాబాద్‌లో వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడికి రెండేళ్ల గడువు. ఆయన ఫిర్యాదు ఇంకా తేలలేదు.

రిపేరు ఖర్చు ఎవరిదన్నది కూడా తేలలేదు. "కారు నాది, తప్పు మీది" అని వారి బేగం సాహెబా తీర్పు. ఆయన అప్పు చేసి కట్టాడు. పోయిన శుక్రవారం కొత్త పాలసీ తెచ్చి చూపించాడు. పేరు సరిగ్గా ఉంది. ఆర్సీ పక్కన పెట్టి చదివితే చాసిస్ నంబరులో ఒక అంకె తేడా వచ్చింది. సోమవారం మళ్లీ ఆఫీసుకు పోతానన్నాడు, ఈసారి బేగంను వెంటబెట్టుకొని.