రెండు పాములు, ఒకే పెట్టె - నేనిచ్చిన ఉచిత సలహా

పాముల్ని ఇంట్లో పెంచుకోవడం ఏమిటని ముక్కున వేలేసుకుంటున్నారా? నేనూ మీలాంటిదాన్నే. బల్లి కనబడితే చీపురు కోసం పరిగెత్తే రకం. 2023లో దీపావళికి ముందు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉన్న మా చెల్లెలింటికి వెళ్ళకపోతే ఈ గొడవంతా నాకు తెలిసేదే కాదు.

చెల్లెలికి నడుం ఆపరేషన్ అయింది. వంటా వార్పూ చూసుకోవడానికి నేను వెళ్ళాను. వెళ్ళిన మర్నాడు కరివేపాకు కోసం ఫ్రీజర్ తెరిస్తే, పక్కన ప్లాస్టిక్ కవర్లో గడ్డకట్టిన ఎలక పిల్లలు వరసగా పడుకుని ఉన్నాయి! నా కేకకి ఇల్లు లేచింది.

"అవి జింజర్‌కి భోజనం పెద్దమ్మా!" అన్నాడు చెల్లెలి కొడుకు. వాడికి పద్నాలుగేళ్ళు.

జింజర్ అంటే వాడు పెంచుకునే పాము. కార్న్ స్నేక్ అంటారు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పుట్టిన జాతి. విషం ఉండదు. నారింజ రంగు ఒంటి మీద ఎర్రటి మచ్చలు, అచ్చం కలంకారీ అంచులా ఉంటుంది. పెరిగితే మూడు నుంచి అయిదడుగులు. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవయ్యేళ్ళు బతుకుతుందట. వారానికో ఎలకని కరిగించి, వెచ్చచేసి పెడితే చాలు. (వెంటనే ఆ ఎలకల్ని గరాజ్‌లో వేరే ఫ్రీజర్‌కి మార్పించాననుకోండి. కరివేపాకు పక్కన మాత్రం నేనొప్పుకోను.) నాగుల చవితి నాడు చెల్లెలూ నేనూ పాలు తీసి దేవుడి గదిలో నైవేద్యం పెడితే, "పాములు పాలు తాగవు పెద్దమ్మా" అని వాడు నాకు పాఠం చెప్పాడు.

డిసెంబర్లో వాడి స్నేహితుడి కుటుంబం వేరే ఊరికి మారిపోతూ తమ పాముని వీడికి ఇచ్చేసింది. పేరు పెప్పర్. జింజర్ మూడేళ్ళది, నాలుగడుగులకి కాస్త తక్కువ. పెప్పర్‌కి ఏడాదే, సన్నగా రిబ్బను లాగుంది. నాకు ఆ పేర్లు నోరు తిరక్క అల్లం, మిరియం అనేదాన్ని. మిరియాన్ని విడిగా ఒక ప్లాస్టిక్ పెట్టెలో పెట్టాడు పిల్లాడు. ఒక్కతే మూల ముడుచుకుని ఉంటే నాకు జాలేసింది.

"అంత పెద్ద గాజుపెట్టె ఉందిగా, రెండిటినీ కలిపి పెట్టరాదూ? ఒకదానికొకటి తోడు" అన్నాను.

"కలపొద్దని పుస్తకంలో ఉంది పెద్దమ్మా."

"పుస్తకాలు రాసినవాళ్ళు పాముల్ని అడిగి రాశారా?" అన్నాను. చెల్లెలు కూడా చోటు కలిసొస్తుందని నా మాటే బలపరిచింది. పెద్దవాళ్ళం ఇద్దరం చెప్పాక పిల్లాడేం చేస్తాడు? కలిపేశాడు.

మర్నాటికి రెండూ ఒకే గూట్లో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. చూశావా అని మురిసిపోయి ఫోటో తీసి, హైదరాబాద్‌లో ఉన్న మావాళ్ళందరికీ పంపాను.

భోజనం మాత్రం వాడు విడివిడిగానే పెట్టేవాడు. ఒకే ఎలకని రెండూ చెరో వైపు పట్టుకుంటే పెద్దది ఎలకతో పాటు చిన్నదాన్ని కూడా మింగేసే ప్రమాదం ఉందట. అది విన్నప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. మిరియం మొదటి వారం తినలేదు. కొత్త చోటు కదా అనుకున్నాం. రెండో వారమూ తినలేదు. మూడో వారం తిన్నది, రెండు రోజులకి మొత్తం కక్కేసింది. పిల్లాడు తూకం వేసి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. వచ్చినప్పుడు 140 గ్రాములున్నది 121 అయింది. వాడు నన్ను ఒక్కమాట అనలేదు. నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టి ఊరుకున్నాడు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ మొదట అడిగింది, "వెచ్చటి గూళ్ళు ఎన్ని ఉన్నాయి?" అని. ఒక్కటే!

అసలు సంగతి ఇదీ. పాముకి మనలా ఒంట్లో వేడి పుట్టదు. తిన్నది అరగాలంటే బయటి వెచ్చదనం కావాలి. అందుకే పెట్టెకి ఒక పక్క 85 నుంచి 88 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, రెండో పక్క 75 దగ్గర చల్లదనం ఉంచి, రెండు వైపులా దాక్కునే గూళ్ళు పెడతారు. కార్న్ స్నేక్ ఒంటరి జీవి. దానికి తోడు అక్కర్లేదు. మా పెట్టెలో వెచ్చటి గూడు పెద్దది ఆక్రమించింది. చిన్నది కొన్నాళ్ళు దాని కిందో మీదో ఇరుక్కుంది. అదే నేను ముద్దుగా ఫోటో తీసింది. తర్వాత చల్లటి మూలకి జారుకుంది. తిన్నది అరగలేదు, కక్కేసింది. కుక్కల్లా కరుచుకుంటే మనకి తెలిసేది. ఇవి బుస్సుమనను కూడా అనలేదు.

ఆవిడ చెబుతుంటే నాకు నా కాపురం మొదటి రోజులు గుర్తొచ్చాయి. పదకొండు మంది ఉన్న ఇంట్లో చిన్నకోడల్ని. మాఘమాసపు చలిలో పొయ్యి దగ్గర పీట ఎవరిదో నాకు బాగా తెలుసు, అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగిలేదో కూడా తెలుసు. మా ఇంట్లోనూ ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చూసినవాళ్ళు ఎంత కలివిడిగా ఉంటారో అనేవారు. అలాంటి నేనే ఆ పెట్టెలోకి తొంగి చూసి తోడు అనుకున్నాను!

కొత్తగా వచ్చిన పాముని కనీసం రెండు మూడు నెలలు వేరే గదిలో ఉంచాలని కూడా ఆవిడ చెప్పింది. ఒంటి మీద పట్టే పురుగులు, క్రిప్టో అనే కడుపు జబ్బు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటాయి. ఆ క్రిప్టోకి నమ్మకమైన మందు లేదు. రెండూ కలిసి ఉంటే కక్కింది ఏదో, విరేచనం ఏ పాముదో కూడా తెలియదు. మాకు మిరియం సంగతి తెలిసింది తూకం వల్లే. ఆడా మగా అయితే మరీ చిన్న వయసులోనే గుడ్లు వచ్చి, అవి కడుపులో అడ్డంపడి ప్రాణం మీదికి రావచ్చు. ఇక కింగ్ స్నేక్ అనే జాతి అయితే సాటి పాముల్నే తినేస్తుంది.

అన్నీ ఇలాగే ఉండవు లెండి. గార్టర్ స్నేక్‌లని ఉన్నాయి. కెనడాలో మానిటోబా రాష్ట్రంలో నార్సిస్ అనే చోట చలికాలమంతా నేలకింద గుంపుగా ఉండి, వసంతంలో వేలకి వేలు బయటికొస్తాయి. వాటికి ఇష్టమైన జతగాళ్ళు కూడా ఉంటారని 2020లో కెనడా పరిశోధకులు తేల్చారు. మా అల్లం, మిరియం ఆ జాతి కాదు.

ఆ సాయంత్రమే రెండో గాజుపెట్టె కొన్నాం. మూత గట్టిగా బిగిసేది చూసుకున్నాం, సందు దొరికితే పాము జారుకుంటుంది. బియ్యం బస్తా ఉండే చోటు దానికిచ్చి, బస్తాని నేను పడుకునే గదిలోకి మార్చాను. కక్కిన తర్వాత పది పన్నెండు రోజులు ఏమీ పెట్టొద్దన్నారు. అన్నాళ్ళు ఆకలికి మాడ్చడం నాకు కష్టంగానే ఉండేది. ఎవరికి జబ్బుచేసినా పథ్యం పెట్టడం అలవాటైన చేతులు కదా! పెంట పరీక్షలో పురుగులేవీ లేవని తేలింది. పదమూడో రోజున చాలా చిన్న ఎలక పెట్టాడు. ఇద్దరం దూరంగా మెట్ల మీద కూర్చున్నాం. అరగంటకి వెళ్ళి చూస్తే పళ్ళెం ఖాళీ.

ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్ళకి ఒక మాట. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. అయిదేళ్ళలోపు పిల్లల్ని ముట్టుకోనివ్వకూడదు. పాము నీళ్ళగిన్నె వంటింటి సింకులో కడగనివ్వకూడదు. చెల్లెలి కూతురికి నాలుగేళ్ళు కాబట్టి ఈ రెండూ నేనే కాపలా కాశాను. ఇది చదివి మీ పిల్లలు సరదా పడితే వెంటనే చెప్పండి, మన దేశంలో అడవి పాముల్ని పట్టి ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఏప్రిల్లో తిరిగొచ్చేశాను. పోయిన ఫోటో ఎలాగూ ఫోన్లలో తిరుగుతూనే ఉంది, మా ఆడపడుచు ఇప్పటికీ ఎంత ముద్దుగా పడుకున్నాయో అంటుంది. వచ్చిన నెలకి పిల్లాడి దగ్గర్నుంచి కబురొచ్చింది: "మిరియం 163 గ్రాములు పెద్దమ్మా."