జులైలో భద్రాచలం పోవాలనుకుంటున్నారా? ముందు 43, 48, 53 అంటే ఏంటో తెలుసుకోండి

మొన్న నా పాత ఆఫీసు ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేసి, "అరేయ్, జులైలో వియత్నాం పోదామా? హోయాన్ అట. నది ఒడ్డున పాత ఊరు, లాంతర్లు, పడవలు. కాకపోతే వర్షాకాలం కదా, పోవచ్చా?" అని అడిగాడు. నిజానికి హోయాన్‌కి జులైలో పోతే వరద భయం తక్కువే. మనకి నైరుతి రుతుపవనాలు దంచుతున్నప్పుడు మధ్య వియత్నాంకి పడమర వైపు కొండలు అడ్డం ఉంటాయి కాబట్టి అక్కడ ఎండలే ఎక్కువ. అక్కడి థు బోన్ నది పొంగేది ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లలో. అక్కడి పాత ఇళ్ళలో, ఏ సంవత్సరం నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గుర్తులు పెట్టుకుంటారు. టూరిస్టులు వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు.

వాడితో మాట్లాడుతుంటే నాకు గుర్తొచ్చింది మాత్రం భద్రాచలం. అది కూడా నది ఒడ్డున పాత ఊరే. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఊరంతా సంవత్సరాలతో సహా నోటికి చెప్పే ఊరు. తేడా ఏంటంటే, దాని వరద సీజన్ సరిగ్గా మనం వీకెండ్ ట్రిప్ ప్లాన్ చేసే జులై, ఆగస్టులలోనే. అందుకే ఈ ఎపిసోడ్ వియత్నాం గురించి కాదు, భద్రాచలం గురించి. వానల్లో పోవచ్చా, పోతే ఎప్పుడు పోవచ్చు, ఎప్పుడు బ్యాగ్ సర్దుకుని వెనక్కి రావాలి, అదంతా చూద్దాం.

నా కథతో మొదలుపెడతా. 2022 జులై 10, ఆదివారం. తొలి ఏకాదశి, అదే రోజు బక్రీద్. మా కంచన్‌బాగ్‌లో రెండు పండగలూ ఒకే రోజు పడితే రోడ్డు మీద ఎంత సందడి ఉంటుందో ఓల్డ్ సిటీ వాళ్ళకి చెప్పక్కర్లేదు. అమ్మ మాత్రం "ఏకాదశికి రాముడి దగ్గర ఉండాలె" అని పట్టు పట్టింది. పెద్దమ్మని కూడా తీసుకుని శనివారం రాత్రి ఎంజీబీఎస్‌లో బస్ ఎక్కాం. అప్పటికే రాష్ట్రమంతా రెండు మూడు రోజులుగా వాన. నేను ఫోన్‌లో వెదర్ యాప్ చూసి, "భద్రాచలంలో రేపు వాన తక్కువే చూపిస్తుంది అమ్మా, ఏం కాదు" అన్నా.

ఆ మాట ఎంత తెలివితక్కువదో పొద్దున్న గోదావరి ఒడ్డున తెలిసింది. స్నానఘట్టాల పైన టీ కొట్టు ఆయన దగ్గర టీ తాగుతూ ఇదే ముక్క ఆయనతో అన్నా. ఆయన నవ్వి, "ఇక్కడి వానతో పనేముంది తమ్ముడూ? ఆ మెట్లు చూడు. తెల్లారుజామున నేను కొట్టు తీసినప్పుడు పైనుంచి లెక్కపెట్టినా, ఇప్పటికి ఐదు మెట్లు పోయినయ్. పైన కురిస్తే ఇక్కడ పెరుగుద్ది" అన్నాడు. నీళ్ళు ఎర్రగా, చిక్కగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. మధ్యలో పెద్ద పెద్ద దుంగలు కొట్టుకుపోతున్నాయి. ఆ స్పీడ్ చూశాక నాకు టీ దిగలేదు.

"పైన" అంటే ఎక్కడ? ఇదే అసలు విషయం. మ్యాప్ తీసి చూడండి. కాళేశ్వరం దగ్గర గోదావరిలో ప్రాణహిత కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగా నీళ్ళన్నీ, అంటే విదర్భలో కురిసిన వాన మొత్తం, ఆ దారినే వస్తుంది. ఇంకొంచెం కిందికి వస్తే ఒడిశాలో పుట్టి ఛత్తీస్‌గఢ్ అడవుల మీదుగా వచ్చే ఇంద్రావతి కలుస్తుంది. చర్ల వైపు తాలిపేరు కలుస్తుంది. ఇవన్నీ కలిశాకే భద్రాచలం. అంటే నాగ్‌పూర్ వైపు వాన పడితే, భద్రాచలంలో ఆకాశం తెల్లగా ఉన్నా నది పెరుగుతూనే ఉంటుంది. భద్రాచలం వెదర్ చూసి భద్రాచలం ట్రిప్ ప్లాన్ చేయడం అంటే, సర్వర్ ఒక చోట పడిపోతే ఇంకో చోట లాగ్స్ చూసినట్టు.

ఇంకోటి, కింది వైపు కథ. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఆ తర్వాత పాపికొండల మధ్య గోదావరి ఇరుకైపోతుంది. శబరి కూడా అదే టైమ్‌లో పొంగితే ముందున్న నీళ్ళు త్వరగా పోవు, వెనకాల నీళ్ళు ఎగదన్నుతాయి. మన చాదర్‌ఘాట్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఆగితే వెనక మలక్‌పేట దాకా జామ్ అయినట్టు.

ఇప్పుడు నంబర్లు. భద్రాచలం దగ్గర నీటిమట్టాన్ని అడుగుల్లో చెప్తారు. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇది గేజ్ మీద కొలత. 43 అన్నారని నదిలో ప్రతిచోటా 43 అడుగుల లోతు ఉందని అనుకోకండి. నేను ఉద్యోగం చేసేటప్పుడు ఆన్-కాల్ డ్యూటీలో అలర్ట్స్ వచ్చేవి. మొదటి లెవెల్ వస్తే లేచి కూర్చోవాలి, రెండోది వస్తే లాప్‌టాప్ తెరవాలి, మూడోది వస్తే మేనేజర్‌ని లేపాలి. అలానే అనుకోండి. 43 దగ్గర ఘాట్ల వైపు ఎవరినీ దిగనివ్వరు. 48 దాటితే చుట్టుపక్కల మండలాలకి పోయే రోడ్ల మీదికి నీళ్ళు వస్తాయి. 53 అంటే పల్లపు ప్రాంతాల వాళ్ళని పునరావాస కేంద్రాలకి తరలించే పని నడుస్తుంటుంది.

రికార్డు 1986 ఆగస్టుది, 75.6 అడుగులు. 1990లో 70.8. మేం పోయిన 2022 జులైలో 71.3. మేం ఆదివారం రాత్రి బస్సుకే తిరిగి వచ్చేశాం. పెద్దమ్మ పర్ణశాల చూడందే రానంది, ఒక్క రోజు ఉందామంది. "దేవుని దగ్గరికొచ్చి నీళ్ళకి భయపడతారా" అని నన్ను మస్తు తిట్టింది. నాకు మాత్రం ఆ ఐదు మెట్లే కళ్ళ ముందు తిరుగుతున్నాయి. గురువారం, 14న సాయంత్రం వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 16న 71.3 అడుగులు. టీవీలో అది చూసినప్పుడు మా పెద్దమ్మ ఏం మాట్లాడలేదు, లోపలికి పోయి నాకు ఇంకో దోశ వేసి తెచ్చింది.

వంతెన మూస్తే ఏమవుతుందో హైదరాబాద్ నుంచి పోయేవాళ్ళకి వెంటనే తట్టదు. మనం ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సారపాక చేరుకుంటాం. అది నదికి ఇటు ఒడ్డు. ఊరు, గుడి అటు ఒడ్డున ఉన్నాయి. వంతెన దాటితేనే భద్రాచలం. అది మూసేస్తే అటు ఉన్నవాళ్ళు అటే. రైలులో పోయేవాళ్ళకి ఒక మాట: భద్రాచలం రోడ్ అనే స్టేషన్ ఉండేది కొత్తగూడెంలో. అక్కడ దిగాక ఇంకా 40 కిలోమీటర్లు రోడ్డు మీద పోవాలి. పేరు చూసి గుడి ముందు దిగుతామని అనుకున్న నా ఫ్రెండ్స్ ఇద్దరు ఉన్నారు, పేర్లు చెప్పను.

గుడి సంగతి ఏంటి, అది మునుగుతుందా అని అడుగుతారు. గుడి గుట్ట మీద ఉంది. 1986 తర్వాతి సంవత్సరాల్లో ఊరికి, నదికి మధ్య కరకట్ట కూడా కట్టారు. కానీ కరకట్టతో ఒక చిక్కు ఉంది. నది మట్టం ఊరి డ్రైన్ల కంటే పైకి వచ్చేస్తే, నది నీళ్ళు లోపలికి రాకుండా స్లూయిజ్ గేట్లు మూసేయాలి. మూస్తే ఊళ్ళో పడిన వాన నీళ్ళు బయటికి పోవడానికి దారి ఉండదు. మోటార్లు పెట్టి తోడాలి. అందుకే పెద్ద వరదప్పుడు, పైన గుడి పొడిగానే ఉన్నా, కింద పల్లపు వీధుల్లో నీళ్ళు నిలబడతాయి.

నాకు ఈ నంబర్ల మీద ఇంత పిచ్చి ఎందుకో కూడా చెప్తా. 2020 అక్టోబర్‌లో బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగింది. మా పక్కనే హాఫిజ్ బాబా నగర్ మునిగింది. రాత్రి పూట ఒక్కసారిగా వీధుల్లోకి నీళ్ళు వచ్చాయి. మాకు తెలిసినవాళ్ళు డాబాల మీద కూర్చుని ఫోన్లు చేశారు. వాళ్ళకి 43 లేదు, 48 లేదు, మెట్లు లెక్కపెట్టి చెప్పే మనిషి లేడు. గోదావరి లాంటి పెద్ద నది అలా కాదు. పైన మేడిగడ్డ, పేరూరు దగ్గర ఎంత పోతుందో చూస్తే భద్రాచలంలో రేపు ఎలా ఉంటుందో ముందే అంచనాకి వస్తుంది. చాలా గంటల టైమ్ దొరుకుతుంది. ఆ టైమ్‌ని మనం రీల్ తీసుకోవడానికి వాడితే తప్పు నదిది కాదు కదా.

చిన్న వాగులు మాత్రం మళ్ళీ గుర్రం చెరువు టైపే. మ్యాప్స్ అప్పుడప్పుడు ములుగు, ఏటూరునాగారం, మంగపేట, మణుగూరు మీదుగా రూట్ చూపిస్తుంది. చలికాలంలో అది సూపర్ డ్రైవ్, అడవి మధ్యలో. పెద్ద వానల్లో మాత్రం వద్దు. 2023 జులైలో ఏటూరునాగారం దగ్గర జంపన్న వాగు పొంగి కొండాయి గ్రామంలో మనుషులు కొట్టుకుపోయారు. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే మోకాలి లోతే కదా అని బండి దింపొద్దు.

పాపికొండలు కూడా చాలామంది భద్రాచలం ప్యాకేజీలో కలిపేస్తారు. వరద సీజన్‌లో బోట్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. అందులో 77 మంది ఉంటే 26 మందే బయటపడ్డారు. పోయినవాళ్ళలో మన తెలంగాణ నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది. అప్పుడూ గోదావరిలో వరద ఉంది. ఎవరైనా "ఏం కాదు సార్, మా వాడు నడుపుతాడు" అంటే దండం పెట్టి వచ్చేయండి. పాపికొండలు నవంబర్ తర్వాత చూసుకోవచ్చు.

సరే, ఫోన్‌లో ఏం చూడాలి? సెంట్రల్ వాటర్ కమిషన్ వాళ్ళ ఫ్లడ్ ఫోర్‌కాస్ట్ వెబ్‌సైట్ ఉంది, ఫ్లడ్‌వాచ్ ఇండియా అని యాప్ కూడా ఉంది. అందులో భద్రాచలం స్టేషన్ చూడండి. నంబర్ ఒక్కటే చూసి వదిలేయొద్దు, పెరుగుతుందా తగ్గుతుందా చూడాలి. 44 ఉండి తగ్గుతుంటే ఒక లెక్క, 38 ఉండి గంట గంటకీ పెరుగుతుంటే ఇంకో లెక్క. నేనైతే రెండోదానికే ఎక్కువ భయపడతా. ధవళేశ్వరం నంబర్లతో కలిపేసుకోవద్దు. అక్కడ హెచ్చరికలు క్యూసెక్కుల్లో చెప్తారు: 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షలు. వాట్సాప్‌లో రెండూ కలిపి వండేసిన మెసేజ్‌లు తిరుగుతుంటాయి. 2022 వంతెన వీడియోలు ప్రతి జులైలోనూ "ఇప్పుడే" అని వస్తాయి. వీడియోలో మనుషుల ముఖాలకి మాస్కులు ఉన్నాయా చూడండి, సగం తేలిపోతుంది.

నా సొంత రూల్ చెప్తా, ఇది గవర్నమెంట్ రూల్ కాదు. 35 లోపు ఉండి నిలకడగా ఉంటే పోతా. 35 దాటి పెరుగుతుంటే వాయిదా వేస్తా. అక్కడ ఉన్నప్పుడు మొదటి హెచ్చరిక వస్తే అదే రోజు వంతెన దాటేస్తా. ఘాట్‌లో స్నానం మాత్రం వానాకాలంలో ఏ నంబర్‌కీ చేయను. మా అమ్మకి బకెట్‌తో నీళ్ళు తెప్పించి నెత్తిన చల్లా, ఆమెకి అదే పుణ్యం.

ఇంత చెప్పాక, అసలు వానల్లో పోవడం ఎందుకు అంటారా? నాకు భద్రాచలం వానలోనే నచ్చింది. శ్రీరామనవమికి ఇసుకేస్తే రాలని జనం. జులైలో మామూలు రోజున గర్భగుడి ముందు నిలబడి సీతమ్మని ఒడిలో కూర్చోబెట్టుకున్న నాలుగు చేతుల రాముడిని నిదానంగా చూడొచ్చు. మన హైదరాబాద్ వాళ్ళకి ఇంకో లింక్ ఉంది. ఈ గుడి కట్టించిన కంచర్ల గోపన్న, అంటే రామదాసు, నేలకొండపల్లి మనిషి. గోల్కొండ తానీషా కింద పాల్వంచ పరగణా తహసీల్దార్. సర్కారు సొమ్ముతో గుడి కట్టాడని ఆయన్ని గోల్కొండలోనే జైల్లో పెట్టారు. పన్నెండేళ్ళు ఉన్నాడని చెప్తారు. స్కూల్ పిక్నిక్‌లో రామదాసు బందీఖానా అని మనకి చూపించిన గది అదే. నేను చిన్నప్పుడు దాని ముందు నిలబడి సమోసా తిన్నా, ఈ ఊరి సంగతి నాకు అప్పుడు తెలియదు.

పర్ణశాల ఇక్కడి నుంచి సుమారు 35 కిలోమీటర్లు. దారిలో ఏటపాక దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళి మళ్ళీ తెలంగాణలోకి వస్తాం, 2014లో మండలాలు మారాక అలా అయింది. అది కూడా నది పక్కనే, నీళ్ళు పెరిగితే అక్కడి దుకాణాలు ముందు మునుగుతాయి. పెద్దమ్మకి పర్ణశాల బాకీ అలాగే ఉండిపోయింది కాబట్టి మరుసటి జనవరిలో తీసుకెళ్ళా. వచ్చేటప్పుడు ఘాట్ దగ్గర ఆగాం. అదే టీ కొట్టు, అదే మనిషి. నది ఎక్కడో దూరంగా ఇసుకలో సన్నగా పోతుంది. "ఇప్పుడు లెక్కపెట్టు తమ్ముడూ మెట్లు" అన్నాడు. పెద్దమ్మ నిజంగానే దిగి లెక్కపెట్టడం మొదలుపెట్టింది, మోకాళ్ళ నొప్పులతో సగంలో ఆగిపోయింది.

సరే, ఈ ఎపిసోడ్ ఇంతే. వచ్చే వారం కలుద్దాం.