కోతకు ముందే తెలిస్తే...

"కోశారట, చూశారట, ఏమీ చెయ్యకుండానే కుట్టేశారట!" క్యాన్సర్ ఆసుపత్రుల వరండాల్లో తరచూ వినబడే మాట ఇది. జీర్ణాశయ క్యాన్సర్‌లో మరీనూ. స్కానులో గడ్డ ఒక్కటే కనిపిస్తుంది, తీసేయొచ్చని పొట్ట తెరుస్తారు. తీరా చూస్తే పెరిటోనియం మీద, అంటే పొట్ట లోపలి గోడను కప్పి ఉంచే పల్చటి పొర మీద, ఆవగింజలు చల్లినట్టు తెల్లటి బుడిపెలు! అక్కడిదాకా పాకాక జీర్ణాశయం తీసేసినా రోగికి ఒరిగేది తక్కువ. ఇక కీమోయే దిక్కు. పెద్ద కోత పడింది కాబట్టి, అది మానేదాకా ఆ కీమో కూడా ఆగాల్సిందే.

ఈ సమస్య ఆపరేషన్ పుట్టినప్పటిదే. 1881 జనవరిలో వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ జీర్ణాశయంలో క్యాన్సర్ సోకిన భాగాన్ని విజయవంతంగా తొలగించాడు. వైద్య చరిత్రలో అదే మొదటిసారి. రోగి కోలుకుంది కూడా. కానీ క్యాన్సర్ మిగతా చోట్లకు పాకి, నాలుగు నెలలకే ఆమె ప్రాణం తీసింది.

ఇప్పుడు సీటీ ఉందిగా అంటారా? ఒకటి రెండు మిల్లీమీటర్ల బుడిపెలు అందులోనూ తప్పించుకుంటాయి. అందుకే అనుమానం ఉన్నవాళ్లకు డాక్టర్లు ముందుగా లాప్రోస్కోపీ చేస్తారు. చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి చూస్తారు. సెలైన్ పోసి, పీల్చి, అందులో క్యాన్సర్ కణాలున్నాయేమోనని మైక్రోస్కోపు కింద పరీక్షిస్తారు. నమ్మకమైన పద్ధతే. కాకపోతే మత్తు, ఖర్చు తప్పవు. చాలామందిలో ఏమీ దొరకదు కూడా.

మరి ఎవరికి చెయ్యాలి? ఇక్కడే రేడియోమిక్స్ అక్కరకొస్తుంది. సీటీ బొమ్మలో ప్రతి చుక్కా నిజానికి ఒక అంకె. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. మన కంటికి ఒకే బూడిదరంగు ముద్దలా కనబడే గడ్డలో ఏ అంకె పక్కన ఏ అంకె ఉంది, ఎక్కడ గరుకు, ఎక్కడ నునుపు, అంచు ఎలా ఉంది అన్నవి కంప్యూటరు లెక్కగడుతుంది. 2019లో చైనా పరిశోధకులు నాలుగు ఆసుపత్రులకు చెందిన 554 మందిని తీసుకున్నారు. సీటీ రిపోర్టుల ప్రకారం వాళ్లెవరికీ క్యాన్సర్ పెరిటోనియానికి పాకలేదు. లాప్రోస్కోపీలో కొందరికి పాకినట్టు తేలింది. ఆ తేడాను పట్టుకోవడానికి వాళ్లు గడ్డతో పాటు పెరిటోనియం భాగాన్నీ కంప్యూటరుతో చదివించారు, బయాప్సీలో తెలిసే క్యాన్సర్ రకాన్నీ కలిపారు. ఫలితం బాగా వచ్చింది. పైకి మామూలుగా కనిపించే పొరలోనూ జాడ ఉందన్నమాట! నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది ఇదే.

అలాగని లాప్రోస్కోపీకి సెలవిచ్చేయలేం. 2021లో 1,978 మందితో వచ్చిన మరో అధ్యయనంలో, బయటి ఆసుపత్రి రోగుల మీద పరీక్షించినప్పుడు, పాకినవాళ్లలో ఒకచోట దాదాపు నలుగురిలో ఒకరిని కంప్యూటరు పట్టుకోలేకపోయింది. కంప్యూటరు "లేదు" అన్నదని పొట్ట తెరిచేస్తే ఆ నాలుగోవాడి గతేమిటి? "ఉండొచ్చు" అన్నప్పుడు కెమెరా పంపి నిర్ధారించుకోవడమే ప్రస్తుతానికి దీని సరైన వాడకం అని నాకనిపిస్తుంది. పైగా మిషను మారినా, కాంట్రాస్ట్ ఎక్కించాక స్కాన్ తీసే సమయం మారినా, రోగి నీళ్లు తాగి జీర్ణాశయం ఉబ్బి ఉన్నా, ఖాళీగా ముడుచుకుని ఉన్నా అంకెలు మారిపోతాయి. చైనాలో నేర్చిన లెక్క మన ఊళ్లోని మిషన్లకు అతుకుతుందో లేదో ఇక్కడి రోగుల మీద చూడాల్సిందే.

ఈలోగా స్కాన్ తీయించుకునేవాళ్లకు చిన్న మాట. కవర్లో పెట్టిచ్చే ఫిల్ముల మీద ఆ అంకెలుండవు, బొమ్మే ఉంటుంది. సెంటర్లో సీడీయో పెన్‌డ్రైవో అడిగి తెచ్చుకోండి. రేపు ఇంకో డాక్టరుకు చూపించాలన్నా పనికొచ్చేది అదే.