అదనుకు విత్తు, ఎడమిస్తేనే దుంప

పలమనేరు, వి.కోట, కుప్పం వైపు ఒక బోరు, అరెకరా నేల ఉన్న రైతుకు క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగి తొందరగా డబ్బు చూపే పంటలు. కానీ ఆకు ఏపుగా పెరిగి, పీకితే చిటికెన వేలంత దుంప వస్తే విత్తనాల ఖర్చు కూడా రాదు. చాలాసార్లు తప్పు విత్తనానిది కాదు. విత్తిన కాలంలోనో, మొక్కల మధ్య ఎడంలోనో ఉంటుంది.

ఎప్పుడు విత్తాలి?

ఆకు తయారుచేసే ఆహారంలో మొక్క ఖర్చు పోను మిగిలిందే దుంపలో చేరుతుంది. ఎండ ముదిరితే ఆ మిగులు తగ్గుతుంది. క్యారెట్‌కు 15-20 డిగ్రీల చల్లదనంలో మంచి రంగు వస్తుంది. వేడికి పాలిపోతుంది. బీట్‌రూట్‌లో తెల్ల వలయాలు పడతాయి. ముల్లంగి ఘాటెక్కి బెండులా అవుతుంది.

రెండు వేల అడుగులకు పైన ఉన్న పలమనేరు ప్రాంతంలో ఆగస్టు నుంచి నవంబరు వరకు విత్తుకోవచ్చు. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు వేడి ఎక్కువ, నవంబరులో వానలూ ఎక్కువే. మడిలో నీరు నిలిస్తే దుంప కుళ్లిపోతుంది. అక్కడ వానలు తగ్గాక, బోదెల మీద ముల్లంగి, బీట్‌రూట్ వేసుకోవడం మేలు. ఎండాకాలంలో ముల్లంగి వేయాలంటే వేడికి తట్టుకునే పూసా చేత్కి రకం ఎంచుకోండి.

ఎంత ఎడం?

సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, సాలులో మొక్కకూ మొక్కకూ 8-10 సెంటీమీటర్లు ఉండాలి. 10 సెంటీమీటర్ల లెక్కన ఎకరాకు సుమారు లక్షా 35 వేల మొక్కలు పడతాయి. గెనిమలు, కాలువలు తీసేస్తే ఇంకొంచెం తగ్గుతాయి. ఎడం సగానికి తగ్గిస్తే మొక్కలు రెట్టింపవుతాయి. నీరు, ఎరువు, ఎండ మాత్రం అంతే కదా! అన్నీ సన్నబడి, అమ్మకానికి పనికొచ్చేవి తగ్గిపోతాయి. మరీ ఎడమైతే దుంపలు లావెక్కి పగులుతాయి, కలుపు పెరుగుతుంది.

పీకడానికి వెనకాడొద్దు

మొలిచిన మొక్కను పీకాలంటే మనసొప్పదు. అయినా విత్తిన 15-20 రోజులకు పలచన చేయాల్సిందే. బీట్‌రూట్‌లో మనం ఒక గింజ అనుకునేది నిజానికి కొన్ని గింజల గుత్తి. అందుకే ఒకేచోట రెండు మూడు మొలకలు వస్తాయి. బలమైనది ఒకటి ఉంచండి. ముందుగా తడి ఇచ్చి పీకితే పక్క వేరు కదలదు. పీకిన క్యారెట్, ముల్లంగి మొక్కలను మళ్లీ నాటవద్దు, వేరు చీలి వంకరపోతుంది. ముల్లంగి, బీట్‌రూట్ లేత ఆకు కూరకు వాడుకోవచ్చు.

నమ్మకం కుదరకపోతే ఈసారి రెండు సాళ్లు పలచన చేయకుండా వదలండి. కోతనాడు రెండు రకాల సాళ్లలోనూ సంతకు పనికొచ్చే దుంపలను విడిగా తూచి చూడండి. వచ్చే పంటకు ఎంత ఎడమివ్వాలో మీ తక్కెడే చెబుతుంది.