హోవర్డు న్యాయకళాశాల

వ్యాజ్యమన నేమో గ్రామపెద్దలగు మీకు వేఱుగఁ జెప్పవలసిన పని లేదు. న్యాయము మనవైపుననే యున్నను, దానిని న్యాయాధిపతి యెదుట క్రమముగా నిలువఁబెట్టి చెప్పఁగల వకీలు లేనిచో ఆ న్యాయము గెలువదు. అట్టి వకీలును తయారుచేయు బడి యెట్లుండవలె ననుటకు అమెరికా దేశమందలి యొక ప్రైవేటు న్యాయకళాశాల చరిత్రము మంచి నిదర్శనము. అది వాషింగ్టను నగరమందలి హోవర్డు విశ్వవిద్యాలయమునకుఁ జెందినది.

ఆ దేశమున నల్లజాతివారి బానిసత్వము 1865వ సంవత్సరమున రద్దయ్యెను. వారి విద్య ముఖ్యోద్దేశముగా 1867లో ఈ విశ్వవిద్యాలయము వెలసెను. ప్రైవేటు విద్యాలయ మనఁగా సర్కారు శాఖ కాదు. తన ధర్మకర్తల సభచేతనే పాలింపఁబడునది. హోవర్డునకు అధికారపత్ర మిచ్చినది అమెరికా శాసనసభయే. ఆ సర్కారు ధనసహాయమును జేయుచున్నది. ఐనను పాలన ధర్మకర్తలదే.

న్యాయశాఖ 1869 జనవరిలో ఆఱుగురు విద్యార్థులతో ప్రారంభమయ్యెను. జాన్ మెర్సర్ లాంగ్‌స్టను గారు దానికి మొదటి అధిపతి. ఆ దినములలో చదువు రెండేండ్లు, తరగతులు సాయంకాలము. పగలు కచ్చేరీలలో పనిచేసి పొట్ట పోసికొనువారు చీఁకటి పడఁగానే వచ్చి చదువుకొనెడివారు. ఇచ్చటనే 1872లో షార్లెట్ రే అను నామె పట్టము పొంది, అమెరికాలో నల్లజాతి స్త్రీలలో మొదటి న్యాయవాది యయ్యెను. కాని నల్లజాతి స్త్రీకి వ్యాజ్యము నప్పగించువా రెందఱు? కక్షిదారులు చాలక ఆమె కొలఁది యేండ్లలో వృత్తి మాని, న్యూయార్కు చేరి, బడిపంతులమ్మ యయ్యెను. చదువు దొరకినంతమాత్రమున మార్గము తెఱవఁబడదని దీనివలనఁ దెలియుచున్నది.

1896లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, ఇరుజాతులవారిని వేఱుగా నుంచినను వసతులు సమానముగా నున్నచో దోషము లేదని తీర్పు చెప్పెను. ఈ తీర్పులో రెండు మాటలున్నవి: వేఱుగా నుంచుట, సమానముగా నుంచుట. మొదటిది బండ్లలోను, బడులలోను అక్షరాల అమలు జరిగెను. రెండవది కాగితముమీఁదనే మిగిలెను.

ఇట్లుండఁగా 1929లో చార్లెస్ హామిల్టన్ హ్యూస్టను గారు ఈ కళాశాల బాధ్యత వహించెను. ఆయన హార్వర్డులో న్యాయశాస్త్రము చదివిన మేధావి. ఆయన చేసిన మొదటి పని సాయంకాలపు తరగతులను నిలిపివేసి, పగటి చదువును కఠినము చేయుట. 1931లో అమెరికా న్యాయవాదుల సంఘము ఈ కళాశాలకు గుర్తింపు నిచ్చెను. ఐనను, పగలు పనిచేయు బీదవానికి సాయంకాలపు తలుపు మూసికొనిపోయినదని పలువురు నొచ్చుకొనిరి. ఆ నొప్పి న్యాయమైనదే. పల్లెబడులలో ముప్పదియేండ్లకుఁ బైగా పాఠము చెప్పినవాఁడను గనుక, బడి మానిన పిల్లవాని తండ్రి ముఖ మెట్లుండునో నే నెఱుఁగుదును. కాని బీదవానికి అఱకొఱ చదువు చాలు ననుకొనుట వానికిఁ జేయు రెండవ యన్యాయము. ఎదుటి కక్షి మేలైన వకీలును దెచ్చుకొనునప్పుడు, దిక్కులేనివాని వకీలు అంతకంటె మేలైనవాఁడు కావలదా? హ్యూస్టను గారి పట్టుదలకుఁ గారణ మిదియే.

ఈ క్రొత్త క్రమమునఁ దయారైనవాఁడు తర్గుడ్ మార్షల్. ఆయన బాల్టిమోరు వాసి. స్వరాష్ట్రమగు మేరీలాండు న్యాయకళాశాలలో నల్లజాతివారికిఁ బ్రవేశము లేకుండుటచే, దినదినము రైలెక్కి వాషింగ్టను వచ్చి చదివెను. రుసుము కొఱకు తల్లి తన పెండ్లి ఉంగరమును కుదువపెట్టెను. 1933లో ఆయన తరగతిలో ప్రథముఁడుగాఁ గృతార్థుఁ డయ్యెను. మూఁడేండ్లు నిండకముందే గురుశిష్యు లిరువురును గలిసి, ఒక నల్లజాతి విద్యార్థి పక్షమున వాదించి, ఆ మేరీలాండు కళాశాల తలుపులనే తెఱపించిరి.

వేఱుగా నుంచుచో సమానముగా నుంచుఁడని న్యాయస్థానములఁ బట్టి యడుగుట హ్యూస్టను గారి మొదటి యుపాయము. 1944లో పట్టము పొందిన పాలీ మరే అను విద్యార్థిని, వేఱుచేయుటయే తప్పని సూటిగా వాదింపవలెనని తరగతిలోఁ జెప్పఁగా తోడివారు నవ్విరి. పదేండ్లలో ఆ మార్గమే గెలిచెను.

మా పాఠశాలలలో తర్కము చదువువారు ముందు పూర్వపక్షమును బలముగా నిలిపి, పిదప సిద్ధాంతము చెప్పవలెను. ప్రతివాది మాటను వానికంటె బాగుగాఁ జెప్పలేనివాఁడు దానిని ఖండింపలేఁడు. హోవర్డులోను ఇట్లే జరిగెను. సర్వోన్నత న్యాయస్థానమునకుఁ బోవుటకు ముందు మార్షల్ మున్నగువారు కళాశాలలోనే సభ తీర్చి, అధ్యాపకులను న్యాయాధిపతులుగాఁ గూర్చుండఁబెట్టి, కఠినమైన ప్రశ్నల నడిగించుకొనిరి. 1954 మే 17వ తేదీన, జాతినిబట్టి సర్కారు బడులను వేఱుచేయుట రాజ్యాంగవిరుద్ధమని తొమ్మండ్రు న్యాయాధిపతులు ఏకకంఠముగాఁ దీర్పు చెప్పిరి. హ్యూస్టను గారు మాత్రము 1950లోనే కీర్తిశేషులైరి. మార్షల్ గారు 1967లో ఆ న్యాయస్థానముననే న్యాయాధిపతి యయ్యెను. నల్లజాతివారిలో ఆ పదవి నధిష్ఠించిన మొదటివాఁ డాయనయే.

ఇఁక నేఁటి చదువు. సామాన్యపట్టము పొందినవారు చేరి మూఁడేండ్లు చదివినచో జె.డి. యను న్యాయపట్టము లభించును. మొదటి యేఁట ఒడంబడికలు, ఆస్తి, నేరములు, వ్యవహారక్రమము, రాజ్యాంగము మొదలగునవి నేర్పుదురు. న్యాయశాస్త్రముతోఁబాటు వాణిజ్యనిర్వహణమును జదువఁగోరువారికి నాలుగేండ్ల జంటపట్టము కలదు. పౌరహక్కుల చట్టమును బ్రత్యేక పాఠముగా 1938లో జేమ్స్ నాబ్రిట్ గారు ఇచ్చటనే మొదలిడిరి; అమెరికా న్యాయకళాశాలలలో నట్టి పాఠమున కదియే మొదలు. వైద్యవిద్యార్థి ఆసుపత్రిలో రోగులఁ జూచి నేర్చుకొన్నట్లు, ఇచ్చటి విద్యార్థులు గురువుల పర్యవేక్షణమున, సొమ్మిచ్చుకొనలేనివారి నిజమైన వ్యాజ్యములను జేపట్టి నేర్చుకొందురు.

మన పిల్లలలో న్యాయశాస్త్రము చదువఁబోవువారు కలరు. కళాశాల నెన్నుకొనునపుడు మేడ యెంత యెత్తు, రుసు మెంత యని యడుగుట సహజమే. అచ్చట పూర్వపక్షము నేర్పుదురా, బీదవాని వ్యాజ్యమును విద్యార్థిచేతఁ బట్టింతురా యనియుఁ గూడ అడుగుఁడని మనవి చేయుచున్నాను.